వదులు జడ

కథ కింద మీ ఫోన్ నంబరు వేయమంటారా అని పత్రిక ఆఫీసు నుంచి ఒకమ్మాయి అడిగితే, వేసేయమ్మా అన్నాను. నా సంగతి తెలిసినవాళ్లెవరూ ఈ మాట నమ్మరు. పాలవాడి కొలత మీద నాకు అనుమానం. ఆటో అతను చెప్పే దగ్గరి దారి మీద అనుమానం. మా ఆయన ఏరి ఏరి తెచ్చానని చెప్పే వంకాయల మీద మరీ అనుమానం. ఇలాంటి అనుమానపు పక్షిని, మొహం తెలియని జనానికి నా నంబరు ధారపోశాను. నలుగురు ఫోన్ చేసి పొగుడుతారన్న ఆశ మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుంది.

నేను బొబ్బిలిలో ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. పదిహేనేళ్లుగా కథలు రాస్తున్నాను. అన్నీ బుద్ధిగల కథలు. బడి మానేసే పిల్లలు, ఎండిపోయే చెరువులు, మొక్కలు నాటే మాస్టర్లు. వాటిని ఒక్కరూ బాగున్నాయన్న పాపాన పోలేదు. కిందటేడు వేసవి ముందు మొట్టమొదటిసారి ఒక దయ్యం కథ రాశాను. అది ఆదివారం అనుబంధంలో, నా పాస్‌పోర్టు సైజు ఫొటోతో, కింద నంబరుతో సహా పడింది.

ఆ కథ ఏమిటో చెప్పకపోతే తక్కినదేదీ అర్థం కాదు. మా వైపు పాతకాలం ఇళ్లలో ఒక ఆచారం ఉంది. భార్య పోయినవాడు మళ్లీ పెళ్లి చేసుకుంటే, వచ్చే ఆవిడ మెడలో తాళితో పాటు చిన్న వెండి బిళ్ల కూడా కడతారు. దాని మీద ఒక ఆడమనిషి బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ పోయిన మొదటి భార్య. సవతమ్మ బిళ్ల అంటారు. కొత్త చీర కొంటే ముందు ఆ బిళ్లకి పసుపూ కుంకుమా పెట్టి, చీర ఆవిడకి చూపించి, ఆ తర్వాతే కట్టుకోవాలి. లేకపోతే ఆవిడ అలుగుతుందని, పిల్లలకి జబ్బు చేస్తుందని భయం. ఇప్పుడు చాలా ఇళ్లలో మానేశారు.

నా కథలో అలాంటి బిళ్ల కట్టుకున్న రెండో భార్య ఒకావిడ, రోజూ పొద్దున్నే వెనక వసారాలో సవతి కూతురికి రెండు జడలు వేస్తుంటుంది. కుడి జడ వేసి ఎడమ వైపు తిరిగేసరికి, అక్కడ జడ అప్పటికే అల్లి ఉంటుంది. వదులుగా, మెత్తగా, చివర రిబ్బను పువ్వులా ముడి వేసి. మొదటి రోజు ఆవిడ దువ్వెన విసిరేసి కెవ్వుమంటుంది. నెలలు గడిచేకొద్దీ అలవాటు పడుతుంది. బతికున్న ఆవిడ వేసే కుడి జడ కణతలు లాగి, పిల్ల కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది. చచ్చిపోయిన ఆవిడ వేసే ఎడమ జడ నొప్పన్నదే తెలియనివ్వదు. చివరికి ఒకరోజు భయం పట్టలేక, రెండో భార్య ఆ బిళ్లని తెంపి నూతిలో పారేస్తుంది. మర్నాడు రెండు జడలూ తనే వేస్తుంది. పిల్ల అద్దంలో చూసుకుని, "అమ్మా, ఇవాళ నువ్వొక్కదానివే వచ్చావేం?" అని అడుగుతుంది. అక్కడితో కథ అయిపోతుంది.

ఆ ఆదివారం ఇడ్లీ పిండి గిన్నెల్లో వేస్తుండగా మొదటి ఫోన్ వచ్చింది. పాలకొండ నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారు. కథ బాగుందన్నారు. నేను థాంక్స్ చెప్పేలోపు గొంతు మార్చి, "సైన్సు టీచరని వేశారు. పిల్లలకి ఇవేనా మీరు చెప్పేది?" అన్నారు. పాఠం వేరు, కథ వేరు అన్నాను. "ఏమో, నాకు నమ్మకం లేదు" అని పెట్టేశారు.

రెండో ఫోన్ ఒక మగమనిషి. పేరు చెప్పలేదు. కథ ఎలా ఉందో కూడా చెప్పలేదు. "మా ఇంటి సంగతి మీకెవరు సెప్పినారు?" అన్నాడు సూటిగా.

"ఏ సంగతండీ?"

"బిళ్ల సంగతి. మా ఇంటిది మీ కాడ గానీ సదివినాదేటి?"

మీరెవరో మీ ఆవిడెవరో నాకు తెలియదు బాబూ అని ఎంత చెప్పినా వినలేదు. "ఎవులో సెప్పకుండా ఇంత ఇవరంగా ఎలగ రాస్తారు?" అని అరగంట పీక్కుతిన్నాడు. ఆ పూట వాళ్లింట్లో ఆ ఇల్లాలికి ఏం మూడిందో అని నాకు దిగులు పట్టుకుంది.

సాయంత్రం దాకా ఇదే వరస. ఒకావిడ చేసి, "మా గుంట ఎడం జడ ఎయ్యనివ్వడం లేదండీ. ఎవులో ఏస్తారని అద్దం ముందు కూకున్నాది. ఇప్పుడేటి సెయ్యాలి నేను?" అని నిలదీసింది. ఆ పిల్ల పట్టుదల నాకు నచ్చింది కానీ తల్లికి చెప్పలేదు. దాదాపు అందరూ చివరికి ఒకటే అడిగేవారు. ఇది నిజంగా జరిగిందా? కల్పితమండీ అంటే, ఊఁ అని ఒక రకంగా నవ్వేవారు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. పాలవాడి ముందు నేను నవ్వే నవ్వు అదే.

భావనపాడు నుంచి చేసినావిడ ఒక్కర్తే ఏమీ అడగలేదు. వెనకాల గాలి హోరు. తనకి చదువు రాదని, కోడలు చదివి వినిపించిందని చెప్పింది. "ఆ వదులు జడేసిన సెయ్యి ఉన్నాది సూడమ్మా, ఆ సేతికి దండమెట్టాలని ఉన్నాది. సచ్చిపోయి కూడా పిల్ల తల నొప్పెట్టకుండా సూసుకున్నాది" అంది. అని ఏడ్చింది. నాకూ కళ్లు చెమర్చాయి. గర్వంగా కూడా ఉంది, అబద్ధమెందుకు.

ఇన్ని ఫోన్లు వచ్చాయి గానీ, రావలసిన ఒక్కటి రాలేదు. మా పిన్ని చేయలేదు.

నాకు నాలుగో ఏడు నడుస్తుండగా మా అమ్మ జ్వరంతో పోయింది. ఏడాది తిరక్కుండా నాన్న మళ్లీ పెళ్లి చేసుకున్నారు. పిన్నికప్పుడు పంతొమ్మిదేళ్లు. ఆవిడ మెడలో సవతమ్మ బిళ్ల ఉంది. బిళ్లని ఆవిడ అక్కా అని పిలిచేది. పొద్దున్నే మొహం కడుక్కుని, బిళ్ల పట్టుకుని ఏదో గొణుక్కున్నాకే నా తలకి దువ్వెన పెట్టేది. ఆరేళ్ల కిందట నాన్న పోయినప్పుడు తాళి తీసినవాళ్లు ఇది కూడా తీసేయమన్నారు. ఆయనే లేనప్పుడు ఆయన మొదటి పెళ్లాం నీ మెళ్లో ఎందుకే అన్నారు. పిన్ని వినలేదు. పసుపు తాడు తీసేసి నల్లదారం ఎక్కించుకుని బిళ్ల ఉంచుకుంది.

కథలో జడలు నావే. ఏడో తరగతి దాకా పిన్నే నాకు జడలు వేసింది. కుడిది బిగువు, ఎడమది వదులు. మూడో పీరియడుకల్లా ఎడమ రిబ్బను ఊడి చేతికొచ్చేది, పిల్లలు నవ్వేవారు. కుడి జడ వేస్తున్నంతసేపూ కళ్లలోంచి నీళ్లు కారేవి. నా మనసుకి నేను చెప్పుకున్న లెక్క ఒకటే. సవతి తల్లి కాబట్టి ముందు కసిదీరా లాగుతుంది, ఎడమ దాని దగ్గరికొచ్చేసరికి ఓపిక అయిపోయి ఎలాగోలా చుట్టేస్తుంది. ఇంకో ఊహ కూడా ఉండేది, ఎవరికీ చెప్పనిది. ఎడమ వైపు వేసేది అమ్మేనేమో అని. ఆ వైపు వేళ్లు ఎంత మెత్తగా కదిలేవంటే, వెనక్కి తిరిగి చూస్తే మాయమైపోతాయని తల కదపకుండా కూర్చునేదాన్ని. పిన్నిని ఎప్పుడూ అడగలేదు. నాలాంటివాళ్లు అడగరు, మనసులో పెట్టుకుంటారు.

కథ పడిందని నేను మా పుట్టింట్లో చెప్పలేదు. ప్రతి అచ్చు కాయితాన్నీ ఫొటో తీసి మా తమ్ముడికి, పిన్ని కొడుక్కి, పంపేదాన్ని, దీన్ని పంపలేదు. ఎందుకు పంపలేదో నాకు తెలుసు. కని పెంచినంత చేసిన మనిషిని నలుగురిలో సవతి తల్లిగా నిలబెట్టాను. పిన్ని రోజు విడిచి రోజు తమ్ముడి ఫోన్ నుంచి మాట్లాడేది. కథ పడిన ఆదివారం నుంచి అదీ ఆగిపోయింది. చదివేసింది, మనసు విరిగిపోయింది, ఇక నాతో మాట్లాడదు అనుకున్నాను. నాకున్న తల్లి ఆవిడొక్కతే. ఆవిడనీ పోగొట్టుకున్నాననుకున్నాను. అయినా నేనుగా ఫోన్ చేయడానికి ధైర్యం చాల్లేదు.

ఆ గురువారం నుంచి ఇంకొక తలనొప్పి మొదలైంది. మధ్యాహ్నం స్కూల్లో అన్నాల వేళ, సరిగ్గా ఒంటిగంటా పదికి, కొత్త నంబరు నుంచి ఫోన్. హలో, ఎవరండీ అంటాను. అవతల మాట లేదు. ఒక కోడి కొక్కొరోమంటుంది. ఒకసారి రైలు కూత. ఎవరో ఊపిరి తీసుకుంటున్న చప్పుడు. నిమిషం ఉండి పెట్టేస్తారు. మర్నాడు మళ్లీ అదే టైముకి. ఇటువైపు రైలు కూత విజయనగరం నుంచి రాయగడ దాకా ఎక్కడైనా వినిపిస్తుంది, దాన్నిబట్టి ఏం కనిపెడతాం?

నా బుర్ర మాత్రం ఊరుకోలేదు. ముందు మా లెక్కల మాస్టారిని అనుమానించాను. నా కథ గురించి స్టాఫ్ రూములో ఒక్క ముక్క మాట్లాడని మనిషి ఆయనే. శుక్రవారం ఫోన్ మోగినప్పుడు ఆయన నా ఎదురుగానే కోడిగుడ్డు పెంకు ఒలుచుకుంటున్నారు. ఆయన్ని కొట్టేశాను. తర్వాత విజయనగరంలో కథలు రాసే ఒకావిడని అనుకున్నాను, నన్ను మరీ ఎక్కువగా పొగిడింది కాబట్టి. ఆ పైన, వాళ్లింటి సంగతి నేను రాశానన్న మగమనిషి మీదికి అనుమానం పోయింది. వేరే నంబరు నుంచి చేస్తున్నాడు, నా గొంతు వెనక వాళ్లావిడ గొంతు వినబడుతుందేమోనని కాపు కాస్తున్నాడు అని తేల్చుకున్నాను. ఇంట్లో మా ఆయన ఒకటే వేళాకోళం. "ఏటి, ఇయ్యాల అభిమాని సేసినాడా? పాపం, మాటలు రానోడేమో" అనేవారు. అంటూనే నా ఫోన్ వైపు ఒక చూపు చూసేవారు. ఆయనకీ అంతో ఇంతో ఉంది, నాతో కాపురం చేసి నేర్చుకున్నారు.

బుధవారం నాకు ఒళ్లు మండిపోయింది. స్టాఫ్ రూములో అందరి ముందూ ఫోనెత్తి, ఎవరండీ అనలేదు. "చూడు బాబూ, నీకు తల్లీ చెల్లీ లేరా? సిగ్గుందా? ఇంకొకసారి ఈ నంబరు నుంచి ఫోనొస్తే పోలీసు స్టేషన్లో కలుసుకుందాం" అన్నాను. సోషల్ మేడమ్ చప్పట్లు కొట్టింది. అవతల ఎవరో గొంతు సవరించుకున్నట్టు అయ్యింది. తర్వాత ఫోన్ పెట్టేశారు. గురువారం రాలేదు, శుక్రవారం రాలేదు. వదిలింది పీడ అని మా ఆయనతో గొప్పగా చెప్పాను.

శనివారం పొద్దున మా ఆయన కాఫీ తాగుతూ, "అసలెవులో సూద్దామా?" అన్నారు. డబ్బులు పంపే యాప్‌లో ఆ నంబరు కొట్టారు. మా ఊళ్లో ఇప్పుడు ఎవరి గుట్టు తెలుసుకోవాలన్నా ఇదే పద్ధతి. పంపక్కర్లేదు, నంబరు కొడితే చాలు, పేరు పడుతుంది. పేరు పడింది. మా ఆయన ఫోన్ నా చేతిలో పెట్టారు. మా పుట్టింటి ఇంటిపేరు, దాని పక్కన మా తమ్ముడి పేరు.

తమ్ముడికి నా మీద కోపం వచ్చిందనుకున్నాను. వాళ్లమ్మని రచ్చకెక్కించినందుకు నన్ను ఏడిపించడానికి ఈ వేషం వేస్తున్నాడనుకున్నాను. వాడి మామూలు నంబరుకి చేశాను.

"ఆ నంబరు నా రెండో సిమ్మక్కా, నీకు తెల్దు" అన్నాడు వాడు మామూలుగా. "అమ్మకి సొంతంగా ఒక ఫోను కొని, దాన్లో ఏసి ఇచ్చినాను. రెండు వారాలైంది. నీకు సెప్పలేదేటి?"

తల్లీ చెల్లీ లేరా అన్నది ఎవరినో అప్పుడు తెలిసింది.

"అక్కా, ఒకటడుగుతాను" అన్నాడు వాడే మళ్లీ. "ఏటి రాసినావు నువ్వు? పక్కింటావిడ నీ ఫొటో పడిందని పేపరు తెచ్చి ఇచ్చినాది. అది పట్టుకుని అమ్మ నాలుగు రోజులు కూకున్నాది. ఇప్పుడు మెళ్లో బిళ్ల తీసి దేవుడి గూట్లో ఎట్టీసినాది. నాన్న పోయినప్పుడు తియ్యనిది ఇప్పుడు తీసినాది. ఎందుకే అంటే సెప్పదు."

మర్నాడు ఆదివారం. బొబ్బిలిలో పాసింజరెక్కి గజపతినగరంలో దిగాను. అక్కడి నుంచి మా ఊరికి ఆటోలో పావుగంట. దారి పొడుగునా నేను చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను. అది కథ పిన్నీ, కల్పితం పిన్నీ, అందులో ఉన్నది నువ్వు కాదు పిన్నీ. రెండు వారాలుగా ఊరందరికీ చెప్పిన మాటలే కాబట్టి నోటికి బాగానే వచ్చాయి. మా ఇల్లు రైలు గేటు పక్కనే. ఆటో దిగుతుంటే గేటు పడుతోంది, కోడి ఒకటి పట్టాల వైపు పరిగెడుతోంది. ఆ రెండు చప్పుళ్లనీ ఫోన్లో వారం పాటు విని కూడా గుర్తుపట్టలేదు. నేను పుట్టి పెరిగిన ఇల్లు అది.

తమ్ముడూ మరదలూ పొలానికి వెళ్లారు. పిన్ని వసారాలో గోనె పరుచుకుని చింతపండు గింజలు తీస్తోంది. మెడ బోసిగా ఉంది. నాన్న పోయిన రోజు కూడా ఆ మెడ అంత బోసిగా కనబడలేదు.

"ఏటే, సెప్పా సెయ్యకుండా వొచ్చీసినావు. అల్లుడు బాగున్నాడా? ఏటైనా తిన్నావా?" అంది.

నేను పక్కన కూర్చుని నాలుగు చింతకాయలు చేతిలోకి తీసుకున్నాను. కూర్చుకొచ్చిన మాటల్లో ఒక్కటీ రాలేదు. "ఆ ఫోన్లు నువ్వేనా పిన్నీ?" అన్నాను.

"నేనే."

"మరి మాట్లాడలేదేం?"

"ఏటి మాటాడను? నువ్వు ఎవరండీ అన్నావు. నీ గొంతు అలగుంటాదని నాకు తెల్దు. నోరు రాలేదు."

"రోజూ చేశావు కదా."

"రోజూ అలగే అన్నావు" అంది. "కాయితం కింద నంబరేసినారు గదా, సదివినోళ్లు సెయ్యండని. నేనూ సదివినాను గదా అని సేసినాను. నీకు అన్నాల వేళ కాళీ ఉంటాదని తెలుసు."

పోలీసుల మాట ఆవిడ ఎత్తలేదు. తల్లీ చెల్లీ మాటా ఎత్తలేదు. నేనే ఎత్తి, తప్పయిపోయింది పిన్నీ అని చేతులు పట్టుకున్నాను. చింతపండు జిగురుతో చేతులు అంటుకుపోయాయి.

"కోపమొచ్చిందా నా మీద?"

"కోపమేటి" అని ఆవిడ చెయ్యి విడిపించుకుని ఇంకో కాయ తీసుకుంది. "ఒక్క మాట అడుగుదామనే సేసినాను. అంత నొప్పెట్టీదేటే?"

"ఏది?"

"కుడి జడ. కణతలు లాగీసి కన్నీళ్లొచ్చీవని రాసినావు. అన్నేళ్లేసినాను. ఒక్కరోజు సెప్పకూడదేటి?"

తిడుతుందని వచ్చాను. ఏడుస్తుందని కూడా అనుకున్నాను. కల్పితం అనబోయాను, ఆవిడ మొహం చూసి అనలేకపోయాను. "కొంచెం" అన్నాను.

పిన్ని తల ఊపింది. "అలగే అనుకున్నాను" అంది. కాసేపు గింజలు తీసింది. తర్వాత, "నువ్వే అడిగినావే" అంది మెల్లిగా.

"నేనా? గట్టిగా వెయ్యమనా?"

"నీకు గేపకముండదులే, నాలుగేళ్ల గుంటవి. నాకు పిల్లలకి జడెయ్యడం సేతకాదు. మా ఇంట్లో నేనే ఆఖరుదాన్ని, ఎవులికేస్తాను? నా సెయ్యి వదులు. ఎక్కడ నొప్పెడతాదో అని భయం. నేను వదులుగా ఏస్తే నువ్వు రెండు జడలూ పీకీసుకుని, అమ్మ ఇలగ ఎయ్యదు, అమ్మ గట్టిగా ఏస్తాది అని గుమ్మంలో పడి దొర్లీదానివి. రోజూ అదే గోల. అప్పుడు మీ నాన్నమ్మనడిగినాను, అక్క ఎలగేసీదో సూపించమని. ఆవిడ నా తల మీదే ఏసి సూపించినాది. అబ్బ, పేణం పోయిందే. అక్క సెయ్యి అంత గట్టిదట. పొద్దున్నేస్తే పొద్దుగూకినా ఒక్క ఎంట్రుక ఊడీది కాదట."

రైలు వెళ్లింది. అది వెళ్లేదాకా పిన్ని ఆగింది.

"కుడిది అక్కలాగ ఏసీదాన్ని. అదేస్తే నువ్వు ఊరుకునీదానివి. ఎడందాని కాడికొచ్చేసరికి నా సెయ్యి నాకొచ్చీసీది. రెండు పక్కలా అలగ లాగడానికి మనసొప్పలేదు. ఒకటి నీది, ఒకటి నాది అని అక్కతో సెప్పుకున్నాను. రోజూ సెప్పీదాన్ని. నీ గుంటకి నీలాగే ఏసినాను, సూసుకో అని గొప్పలు పోయీదాన్ని. అది నొప్పెట్టి ఏడ్సీదని నువ్వు రాసినావు. ఇంక ఏ మొహమెట్టుకుని ఆవిణ్ణి మెళ్లో ఏసుకుంటాను?"

లాగి లాగి ఏడిపించిన జడ మా అమ్మది. కదిలితే మాయమైపోతాయని నేను ఊపిరి బిగబట్టి కూర్చున్న ఆ మెత్తటి వేళ్లు పిన్నివి. నలభై ఏళ్లు ఎడమ వైపు నిలబడ్డ దయ్యం కోసం వెతికాను. అక్కడ ఉన్నది జడ వేయడం సరిగ్గా రాని పంతొమ్మిదేళ్ల పిల్ల. ఆ పిల్లకి నేను చేసిన న్యాయం ఏమిటంటే, ఆవిడ చేతిలోని మెత్తదనమంతా లాక్కుని పోయినావిడకి ఇచ్చేసి, ఆవిడకి నొప్పి మిగిల్చాను. అది అచ్చులో పడింది. జనం చదివి మెచ్చుకున్నారు.

"పత్రికకి రాస్తాను పిన్నీ" అన్నాను. "తారుమారు చేసేశానని, వదులు జడ నీదేనని రాస్తాను. వేస్తారు. లేకపోతే ఇంకో కథ రాస్తాను."

"నోర్ముయ్యి" అంది పిన్ని. నా మీద గొంతు పెంచడం ఆవిడకి అలవాటు లేదు, అందుకని నేను నిజంగానే నోరు మూసుకున్నాను. "అక్కకి ఏటున్నాదే నీ కాడ? ఒక ఫొటో అయినా లేదు. ఆవిడ మొహం నీకు గేపకముందా? లేదు గదా. నాకంటే నువ్వున్నావు, నీ తమ్ముడున్నాడు. ఆ వదులు జడొక్కటైనా ఆవిడ పేరు మీద ఉండనీ. ఎక్కడా రాయకు."

రాయనని మాటిచ్చాను. ఇప్పుడు తప్పుతున్నాను. తిడితే తిట్టనీ, ఈసారి కింద ఫోన్ నంబరు లేదు.

ఆవిడ బాధ తగ్గించడానికి ఏం చేయాలో తోచక, అప్పుడు ఫోన్ల సంగతి ఎత్తాను. హెడ్మాస్టరుగారి గురించి చెబితే ఊఁ అంది. భార్యని అనుమానించిన మొగుడి గురించి చెబితే, దిక్కుమాలినోడు అంది. ఎడమ జడ వేయనివ్వని పిల్ల గురించి చెప్పినప్పుడు మాత్రం చేతిలో కాయ ఆగింది.

"ఎడందా? వదులుదా?"

"అవును. ఎవరో వచ్చి వేస్తారని అద్దం ముందు కూర్చుందట."

పిన్ని పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని కళ్లని బట్టి తెలిసింది. "ఎర్రి గుంట. ఇంకేటన్నారు?"

భావనపాడు ఆవిడ సంగతి చెప్పాను. ఆవిడ అన్నది అన్నట్టే చెప్పాను. పిన్ని విని, లేచి లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు చేతిలో బిళ్ల ఉంది. గూట్లో పది రోజులుండి కాస్త నల్లబడింది. గింజ తీసిన చింతపండు చిటికెడు తీసుకుని, బొటనవేలితో రుద్దింది. చెంబులో నీళ్లు పోసి కడిగింది. బొమ్మ మొహం తెల్లగా బయటికొచ్చింది. నల్లదారం నా చేతికిచ్చి, నా వైపు వీపు పెట్టి కూర్చుంది. నెరిసిన జుట్టు పక్కకి తీసి పట్టుకుంది.

"అక్కా, నొప్పెట్టినాదట, మనిద్దరం ఎరగం" అంది కిందికి చూసి.

నేను ముడి వేస్తున్నాను. దారం జారిపోయి ఎంతకీ పడలేదు. పిన్ని తొందరపెట్టలేదు. చిన్నప్పుడు ఎడమ జడ వేయించుకుంటూ నేను కూర్చున్నట్టే, కదలకుండా కూర్చుంది.

"ఆ భావనపాడావిడ, ఆ సెయ్యి గురించి ఏటన్నాదన్నావు?" అంది. "మళ్లొకసారి సెప్పు."